రాగిరేకు మీద బ్రూక్లిన్ వంతెన

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెనను ముందు కాగితం మీద చూశాను, ఆ తరవాతే ఎక్కాను. మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఎచింగులను ఏడాది పొడుగునా గోడలకు ఉంచరు. వెలుతురుకు కాగితం పాడవుతుంది. ముందుగా అనుమతి తీసుకుంటే బల్ల మీద పెట్టి చూపిస్తారు. అలా నా ముందుకొచ్చింది చిత్రకారుడు జాన్ మారిన్ 1913లో చేసిన ‘ఊగే’ వంతెన ఎచింగు.

చిత్రం నోటుపుస్తకమంత ఉంటుందేమో. ఎచింగు కోసం రాగిరేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీతలు లోతుగా దిగుతాయి. ఆ గాళ్లలో సిరా నింపి, తడి కాగితం వేసి, యంత్రంతో నొక్కుతారు. మారిన్ గీతలు మాత్రం ఎక్కడా కుదురుగా లేవు. శిఖరపు కమానులు ఒరిగాయి, తీగలు చెదిరాయి. గీయడం రాకనా? కాదు. న్యూజెర్సీలో పుట్టిన ఈయన మొదట్లో భవన నిర్మాణశిల్పిగా పనిచేసినవాడు. మరి ఎందుకిలా?

జవాబు వంతెన మీదే దొరికింది. సిటీ హాల్ దగ్గర రైలు దిగి చెక్కల బాట ఎక్కాం. ‘అక్కా, ఫొటో దిగి వెళ్దాం’ అంటాడు తమ్ముడు. నాకేమో పాదాల కింద సన్నటి వణుకు. మా బాటకు దిగువన కార్లు పరుగెడుతున్నాయి. ఇప్పుడు లారీలను రానివ్వరు. మారిన్ రోజుల్లో అయితే రైళ్లూ ట్రాములూ దీని మీదే నడిచేవి. ఆ అదురు ఎంతుండేదో! శిఖరాల మధ్య దూరమే 486 మీటర్లు.

ఇంకో సంగతి. వంతెన రూపకర్త జాన్ రోబ్లింగ్ పని మొదలవకముందే 1869లో ధనుర్వాతంతో పోయాడు. కొడుకు వాషింగ్టన్ నదిగర్భపు పునాదుల్లో పనిచేసి జబ్బుపడ్డాడు. అతని మాట ఇంజనీర్లకు చేరవేస్తూ, లెక్కలు నేర్చి పని నడిపించింది భార్య ఎమిలీ. 1883లో వంతెన తెరుచుకుంది. ఆమె పేరు ఇక్కడ ఒక ఫలకం మీద ఉంది. జనం దాని పక్కనుంచే ఫొటోల కోసం పరుగెడుతున్నారు.

పోస్టుకార్డుల్లోని నిటారు వంతెన కన్నా మారిన్ వంకర గీతలే నాకు నిజమనిపించాయి. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి. ఆ వేళ బాట మీద జనం పలచగా ఉంటారు.