రాతిలో మొలిచిన చెట్టు

తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలికి వెళ్ళేవారు సాధారణంగా కోట చూడడానికి వెళతారు. ఇంటి ఆడవారు వెంట ఉంటే మాత్రం ముందు చీరలు, ఆ తరువాతనే కోట! గద్వాల చీరలని మనం మురిసి కట్టుకునేవి ఈ ఊరి మగ్గాల మీద కూడా నేస్తారు. నూలు చీరకు పట్టు అంచును పోగు పోగునా కలిపే ‘కుప్పడం’ పని చూస్తూ నిలబడితే పొద్దు తెలియదు. ఊరికి దాపుననే సుంకేసుల ఆనకట్ట; కర్నూలు–కడప కాలువ బయలుదేరేది అక్కడినుంచే.

2009 అక్టోబరులో ఈ నదే ఊరిమీద పడింది. మిద్దెలు కూలినవి, మగ్గం గుంటలు బురదతో పూడిపోయినవి. అలా కూలిన ఇంటినుంచి ఒక నేత కుటుంబం పదిలంగా తెచ్చుకొన్న నాపరాయి బండ ఒకటి నాకు చూపించారు. లేత బూడిదరంగు రాతిమీద నల్లని చిన్న చెట్టు! కొమ్మలు, రెమ్మలు, వాటికి మళ్ళీ చిరు రెమ్మలు. ఎవరో చేయి తిరిగిన చిత్రకారుడు సన్నకుంచెతో వేసినట్టున్నది.

“సారూ, ఇది లోకం పుట్టినప్పటి చెట్టంట. పట్నంల లక్ష రూపాయలు పలుకుతదంట. నిజమేనా?” అన్నది ఆ ఇంటి అవ్వ.

ఎవరో దారినపోయే పెద్దమనిషి చెప్పిన మాట అది. ఆ లక్ష చేతికి వస్తుందని మనుమరాలి పెళ్ళి రెండుసార్లు వాయిదా వేశారట! నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. కాని మా కళాశాలలో భూగర్భశాస్త్రం చెప్పే మిత్రుని సావాసం వల్ల ఆ చెట్టును ఇదివరకే ఎరుగుదును.

అది చెట్టు కాదు. నీటిలో కరిగిన మాంగనీసు, ఇనుము రాతి పొరల సందున పాకి, అక్కడే పేరుకొని ఇలా శాఖలు వేస్తాయి. ఇంగ్లీషులో దానిని డెండ్రైటు అంటారు. రెండు గాజుపలకల మధ్య చిక్కని గంధం నొక్కి మెల్లగా విడదీసి చూడండి. అచ్చం ఇటువంటి చెట్టే మొలుస్తుంది. నిజమైన ఆకు అచ్చయితే నడిమి ఈనె ఉంటుంది, రెమ్మలు వరుస తప్పవు, ఒక ఆకుమీద మరొక ఆకు పడి ఉంటుంది. ఈ బండమీద ఈనె లేదు. కొమ్మలన్నీ బీట అంచునుంచే పుట్టినవి, ఒకదానినొకటి దాటలేదు.

అంతకంటె పెద్ద సాక్ష్యం రాతి వయస్సు. బేతంచెర్ల వైపు దొరికే ఈ సున్నపురాయి 50 కోట్ల ఏళ్ళకు పూర్వపుది. నేలమీద మొక్కలు మొలిచింది సుమారు 47 కోట్ల ఏళ్ళ క్రితం. ఫెర్న్‌ల వంటివి ఇంకా తరువాత. పుట్టని మొక్క ఆకు ఎట్లా రాలుస్తుంది?

ఇందులో అవ్వ చిన్నబుచ్చుకోవలసిందేమీ లేదు. మహామహులే పొరబడ్డారు. భోపాలు దగ్గర భీమ్‌బేట్కా గుహ కప్పున కనిపించిన ఆకారాన్ని 2021లో డికిన్సోనియా అనే ఆదిమ జీవి శిలాజమని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2023లో మరి కొందరు వెళ్ళి చూస్తే, అది శిథిలమైన తేనెపట్టు అని తేలింది! మధ్యప్రదేశ్‌లోనే రామ్‌పురా దగ్గర దొరికిన నల్లని చిన్న బిళ్ళలను 1935లో చాప్‌మన్ గుల్లజీవులుగా వర్ణించాడు. ఇప్పుడు వాటిని నాచుజాతిగా ఎంచుతున్నారు.

ఇదంతా సాధ్యమైనంత తేలిక మాటల్లో చెప్పాను. అవ్వ చాలాసేపు బండను నిమురుతూ కూర్చున్నది.

“అయితే నీళ్ళు గీసిన బొమ్మనా ఇది? ఇల్లు తీస్కపోయింది గూడ ఆ నీళ్ళేనాయె” అన్నది.

కొడుకు ఏమీ అనలేదు. మనుమడు మాత్రం వదలలేదు: “మరి నిజమైనవి యాడుంటయి సార్?” కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్ళలో పొరలు పొరలుగా, కోసిన ఉల్లిగడ్డల్లా అగుపించేవి ఉన్నాయనీ, చూడడానికి వట్టి రాయే అయినా అవి సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటి సూక్ష్మజీవులు కట్టిన గూళ్ళనీ చెప్పాను. హైదరాబాదు వెళితే బిర్లా సైన్సు మ్యూజియంలో ఆదిలాబాదు యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం చూడమన్నాను. వాడు రెండు పేర్లూ నూలు లెక్కల పుస్తకం వెనుక అట్టమీద వ్రాసుకొన్నాడు.

నేను బస్సుకు లేచేవేళకు లోపల పంచాంగం తీశారు.