బాలాహిసార్ మెట్లు, రెండు గడియారాలు

మా కళాశాల నోటీసు బోర్డు మీద నిరుటి నుండి ఒక చిన్న కాగితం ఉండేది. "గోల్కొండ, బాలాహిసార్ ఆరోహణం: 5 నిమిషాలు" అని వ్రాసి, క్రింద మా మిత్రుని పేరు ఉండేది. ఈ యేడు మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు దాని ముందు నిలబడి, "దీనికి గవాహ్ ఎవరు, భాయ్?" అని అడిగాడు. సాక్షులు ఎవరూ లేరు. ఆ మాట మా మిత్రుని చెవిన పడింది. ఈ యేటి విహారయాత్ర కూడ గోల్కొండకే గనుక మళ్లీ ఎక్కి చూపుతానని అతడు పంతం పట్టాడు. కాలం లెక్కించే భారం మా ముగ్గురి మీద పడింది.

గోల్కొండ మన ఊరికి పరాయిది కాదు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ఇబ్రహీం కుతుబ్ షా (1550-1580) ఆ కోటను బలపరచినవాడు. మన ఇబ్రహీంపట్నానికి ఆ పేరు వచ్చింది కూడ ఆయన వల్లనే. ఫతే దర్వాజా వద్ద గుమ్మటం క్రింద చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు దూరాన కొండ నెత్తిన ఉన్న బారాదరిలో ఆ శబ్దం వినబడుతుందని చిన్నప్పటి నుండి విన్నాము. మాకు అదే ఉపాయం తోచింది. క్రింద చప్పట్లు కొట్టగానే అతడు బయలుదేరాలి. పైన వినగానే గడియారం నడిపించాలి. శబ్దం కిలోమీటరు దూరం పోవడానికి మూడు సెకన్లు పడుతుంది గనుక, చివరకు ఆ మూడూ కలపాలని మాలో భౌతికశాస్త్రం చదివేవాడు ఘనంగా ప్రకటించాడు.

తీరా చూస్తే, కోటకు వచ్చే ప్రతి బృందమూ అక్కడ చప్పట్లు కొట్టేదేనన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు! పైనున్నవాడు ఎవరో యాత్రికుల చప్పట్లకే గడియారం నడిపించాడు. మా మిత్రుడు రొప్పుతూ వచ్చేసరికి ఆ గడియారం 12 నిమిషాలు చూపుతున్నది. అతని ముఖం చూడడానికి మాకు ధైర్యం చాలలేదు.

గంటసేపు విశ్రాంతి అయిన పిదప పద్ధతి మార్చాము. రెండు గడియారాలను క్రిందనే సరిచూసుకొని, ఒకదానిని పైకి పంపాము. క్రిందివాడు బయలుదేరిన వేళను, పైవాడు చేరిన వేళను వ్రాసుకోవాలి. ఒకరి ఫోను అప్పటికే చార్జింగు అయిపోయి మూగపోయింది. అందుచేత పైకి పోయినది మాలో ఒకరి నాన్నగారి కీ ఇచ్చే చేతి గడియారం. ఈసారి లెక్కకు వచ్చినది 7 నిమిషాల 52 సెకన్లు.

అప్పుడు గాని అసలు ప్రశ్న మాకు తట్టలేదు. నిరుడు నీవు ఏ దారిన ఎక్కావని అడిగితే, "దిగే దారినే ఎక్కాను, అక్కడ జనం తక్కువ" అన్నాడు. బాలాహిసార్‌కు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. దారి మారితే అది మరొక పందెమే గదా! ఆ దారిన కూడ పరుగెత్తి చూద్దామంటే కావలివారు అభ్యంతరం చెప్పారు. వారిని తప్పు పట్టలేము. దిగేవారికి ఎదురు పరుగెత్తితే పడేది ఒక్కరే కాదు.

ఈ చిక్కు మా ఒక్కరిదే కాదని తరువాత చదివి తెలుసుకొన్నాము. 2003లో లక్పా గెలూ షెర్పా ఎవరెస్టును సుమారు 10 గంటల 56 నిమిషాలలో ఎక్కాడు. మరుసటి యేడు పెంబా దోర్జే షెర్పా 8 గంటల 10 నిమిషాలలో ఎక్కానన్నాడు. వివాదం యేండ్ల తరబడి సాగింది. 2017లో నేపాల్ సుప్రీంకోర్టు తగిన ఆధారం లేదని ఆ రికార్డును త్రోసిపుచ్చింది. అమెరికాలోని పైక్స్ పీక్ ఆరోహణ పందెంలో ఇట్టి తగవు లేదు. దారి ఒక్కటే, బయలుదేరే చోటు ఒక్కటే, కాలం చూసేవారు వేరుగా ఉంటారు. 1993లో మాట్ కార్పెంటర్ నెలకొల్పిన 2 గంటల 1 నిమిషం 6 సెకన్ల రికార్డును ముప్పది యేండ్ల పిదప, 2023లో రెమీ బోనే దాటాడు. తేడా 46 సెకన్లే అయినా ఎవరికీ సందేహం కలుగలేదు. ఈనాడు ఒంటరిగా కొండదారిన పరుగెత్తేవారు తమ దారిని అడుగడుగునా ఉపగ్రహాల ద్వారా గుర్తించే చేతి గడియారాలు కట్టుకొంటున్నారు. మా వద్ద ఉన్నవి చప్పట్లు మాత్రమే.

నోటీసు బోర్డుకు మేము వ్రాసి ఇచ్చినది ఇంతే: "ఎక్కే దారిన 7 నిమిషాల 52 సెకన్లు. నిరుటి 5 నిమిషాలు నిర్ధారణ కాలేదు." మరునాటికి ఎవరో ఆ చివరి రెండు మాటలను కొట్టివేసి "అబద్ధం" అని వ్రాశారు. మా మిత్రుడు నెల రోజులు మాతో మాట్లాడలేదు. అబద్ధమని మేము అనలేదని ఎందరికి చెప్పుకోగలము? నిర్ధారణ కాకపోవడం వేరు, అబద్ధం కావడం వేరు. ఆ భేదం కొట్టివేయడానికి ఒక్క పెన్సిలు గీత చాలింది.

నెల గడచిన పిదప గ్రంథాలయంలో అతడే మా బల్ల వద్దకు వచ్చి కూర్చున్నాడు. "సరే గాని, మీ గడియారాలకు గవాహ్ ఎవరు?" అన్నాడు.

మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. ఆ రోజు క్రిందికి దిగిన తరువాత రెండు గడియారాలను ప్రక్కప్రక్కన పెట్టి చూశాము. చేతి గడియారం 11 సెకన్లు ముందు నడిచింది. 11 సెకన్ల వలన 7 నిమిషాలు 5 కావు గదా అనుకొని ఆ మాట వ్రాయలేదు. కాని ఆ సెకన్లలో ఎన్ని అతనివో, ఆ మేరకు మేము అతని కాలాన్ని పెంచి వ్రాసినట్లే. ఆ సాయంకాలం క్రొత్త కాగితం వ్రాశాము: దారి పేరు, రెండు గడియారాల రకం, 11 సెకన్ల తేడా, మా ముగ్గురి సంతకాలు. నాలుగవ సంతకం అతనిది. సంతకం చేస్తూ, వచ్చే యేడు రాచకొండకు పోదామని, చేతి గడియారాన్ని మాత్రం ఇంటి వద్దనే ఉంచి రమ్మని చెప్పాడు.