బీజము - భూమి

మా పెద్దవాఁడు పదునాఱేండ్లవాఁడు. మూఁడు మాసములుగాఁ గంప్యూటరులో నొక యాటను గల్పించుచున్నాఁడు. ఆటలోని బాలుఁడు నడచిన కొలఁదిని కొండలును లోయలును దమంతటఁ దామే పుట్టవలెను. పుట్టుచునే యున్నవి, కాని యడుగడుగునకు ఆట నిలిచిపోవును. క్రొత్త యంత్రము కొనుఁడని వాఁడు. బడిపంతులు జీతముతో నది యెట్లని మావారు. తండ్రికొడుకులకు రెండు దినములు మాటలు లేవు. మూఁడవ రాత్రి వాఁడు దానినంతయుఁ జెఱిపివేయ నుద్యుక్తుఁడయ్యెను.

నేను బడికిఁ బోయినదానను గాను. మా తండ్రిగారు ఇంటనే భారత భాగవతములు చదివించిరి. సోదరీమణులు నవ్వినను సరే, వాని ప్రక్కఁ గూర్చుండి, "నాయనా, ఆ కొండ యెట్లు పుట్టునో నాకుఁ జెప్పు" మంటిని.

1983లో కెన్ పెర్లిన్ అను అమెరికా దేశీయుఁడు కల్పించిన గణితమార్గ మఁట. దానిని పెర్లిన్ నాయిజందురు. అది యిచ్చు నెత్తులు క్రమము తప్పినట్లుండియుఁ దటాలునఁ దెగిపోవు. మెల్లగా లేచి మెల్లగా వాలును. చలనచిత్రముల కుపకరించినందున 1997లో ఆస్కారు సంస్థవారు ఆయనకు సాంకేతిక బహుమాన మిచ్చిరి. మొదట నిచ్చు సంఖ్యను సీడు, అనఁగా బీజ మందురు. బీజ మదే యైన నెన్నిమాఱులైనను అదే భూమి. ఈ మాట నాకు మిక్కిలి నచ్చినది.

"ఎంత భూమిని జేయుచున్నావు?"

"వేయి గడుల వెడల్పు, వేయి గడుల లోతు. అడుగు వేసినపుడెల్లఁ బది లక్షల గడులకును లెక్క కట్టవలెను."

"తెఱపైఁ గనఁబడునవి యెన్ని?"

"అడ్డముగా 40, నిలువుగా 25."

"వేయియే గదా! పండుగనాఁడు మన వాకిట ముగ్గు వేయుదును గాని గవరపాలెము దాఁక వేయుదునా? మఱియు నేల యెత్తు తెలిసిన పిదప దాని క్రిందిదంతయు మన్నే కదా; ప్రతి మట్టిబెడ్డకును లెక్క యేల?"

వాఁడు నా మొగము చూచెను. "బాలుఁడు వెనుకకు మరలినచో, అమ్మా?"

"బీజ మదే యైన నదే మొలచునని నీవే చెప్పితివి."

వాఁడు త్రవ్విన గోతులను మాత్రము వేఱుగ వ్రాసి యుంచుకొనవలసి వచ్చినది. పాలచిట్టా వ్రాయుదాన నగుట నది నాకే ముందు తోఁచినది. తెల్లవాఱులోపల భూమిని 32 వరుసల ఖండములుగఁ గోసి, బాలుని కిరువైపుల రెండేసి ఖండములు సిద్ధముగ నుంచి, వరుస కొక్క యెత్తు చొప్పునఁ గట్టెను. ఇప్పుడొక క్రొత్త ఖండమునకు 32 లెక్కలే.

ఆ పాత యంత్రముమీఁదనే బాలుఁడు పరుగెత్తెను. కాఫీకి లేచిన మావారు వెనుక నిలువఁబడి చాల సేపు చూచి, "ఆ కొండ నెక్కుట యెట్లురా?" అని యడిగిరి.