వార్డెన్ సార్ సంతకం

ఈ సంచికకు ఏదైనా రాసిమ్మని తమ్ముళ్లు అడిగితే, మనందరి నోళ్లలో రోజూ నలిగిన ఒక మాట గుర్తొచ్చింది. వార్డెన్! స్టడీ అవర్‌లో వరండాలో చెప్పుల చప్పుడైతే చాలు, "ఒరేయ్, వార్డెన్రా!" అనేవాళ్లం. నవ్వులు ఆగిపోయేవి, పుస్తకాలు తెరుచుకునేవి.

ఎనిమిదో తరగతిలో వానాకాలంలో నాకు మలేరియా వచ్చింది. సార్ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. చేర్చుకునే కాగితంలో 'గార్డియన్' అన్నచోట సంతకం కావాలన్నారు. నాన్న లేరు. అమ్మ మాడుగుల దగ్గర పల్లెలో ఉంది, కబురందేసరికి మర్నాడవుతుంది. సార్ పెన్ను తీసి సంతకం చేసి, కింద 'వార్డెన్' అని రాశారు. "వార్డెన్ కాదండీ, గార్డియన్ కావాలి" అన్నాడు గుమస్తా. "రెండూ నేనే, రాసుకో బాబూ" అన్నారు సార్.

డిగ్రీలో ఉండగా ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే తెలిసింది, ఆ రెండూ నిజంగానే ఒకే మాటట! కాపలా కాయడం అనే అర్థమున్న పాత జర్మానిక్ ధాతువు ఫ్రెంచిలోకి వెళ్లింది. ఉత్తరాన నార్మన్లు దాన్ని 'వ'తో పలికారు, పారిస్ వైపు వాళ్లు 'గ'తో పలికారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వారి మాట వార్డెన్‌గా ఇంగ్లీషులో చేరింది, తర్వాత పారిస్ మాట గార్డియన్‌గా వచ్చింది. ఫ్యాను కొన్నప్పుడు షాపువాణ్ణి వారంటీయా, గ్యారంటీయా అని నిలదీస్తాం చూడండి, అవీ ఇలాంటి కవలలే. నేను పడుకున్న ఆసుపత్రి 'వార్డు' కూడా ఆ కుటుంబంలోదే.

తర్వాత దారులు వేరయ్యాయి. గార్డియన్ కోర్టుకెక్కింది, మన దేశంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇప్పటికీ ఉంది. అమెరికాలో వార్డెనంటే జైలు పెద్ద. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీలో మాత్రం కాలేజీ పెద్దనే వార్డెన్ అంటారు. మనకు తగిలింది జైలు అర్థమేనని అప్పట్లో నా అనుమానం! కాగితాల మీద ఆ ఉద్యోగం ఇప్పుడు వసతి గృహ సంక్షేమాధికారి. పిల్లలెవరైనా అలా పిలవగా నేను వినలేదు.

సార్ నిఘంటువు చూసి అన్న మాట కాదది. గుమస్తాతో వాదన తెమిలి, నాకు మంచం దొరికితే చాలన్న తొందరలో అన్నది. మర్నాడు అమ్మ వచ్చి, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని అడిగితే అక్కర్లేదన్నారట. అమ్మ బెల్లం దిమ్మ ఇవ్వబోతే సార్ తీసుకోలేదు, మెస్‌లో ఇచ్చేయమన్నారు. ఆ ఆదివారం అందరికీ పరమాన్నం. సోమవారం స్టడీ అవర్‌లో కబుర్లు చెబుతున్నానని అదే సార్ నన్ను బెంచీ ఎక్కించారు.