సంతల సీమ అసీర్

సౌదీ అరేబియా నైరుతి మూలన, యెమెన్ సరిహద్దుకు చేరువలో, సరవాత్ పర్వతాలపై అసీర్ ప్రాంతం ఉంది. దాని ముఖ్యపట్టణమైన అబహా సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉండగా, అక్కడి నుంచి పడమటి కనుమ దిగితే వచ్చే రిజాల్ అల్మా అనే చిన్న గ్రామం, యెమెన్ నుంచి మక్కా, మదీనాల వైపు సాగిన పాత వర్తక మార్గంపై ఎదిగి, అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన రాతిమేడలను నేటికీ నిలుపుకొంది. ఒట్టోమన్ల ఏలుబడి, స్థానిక అమీర్ల పెత్తనం, 1920ల నుంచి సౌదీ పాలన: రాజకీయ చరిత్ర ఇంతవరకు చాలు.

ఈ సీమ అసలు చరిత్ర దాని సంతలలో ఉంది. అరబ్బీలో ఖమీస్ అంటే గురువారం, అహద్ అంటే ఆదివారం, సబ్త్ అంటే శనివారం. నేడు మహానగరమైన ఖమీస్ ముషైత్ ఒకప్పుడు ముషైత్ వంశీయుల గురువారపు సంత కాగా, అహద్ రుఫైదా, సబ్త్ అల్-అలాయా అనే ఊళ్లకూ సంత జరిగే వారమే పేరైంది. మన సంతమాగులూరు, సంతబొమ్మాళి పేర్లలోనూ సంత ఉంది గాని వారం లేదు. సంత జరిపే తెగే ఆ రోజుకు పూచీ వహించేది కనుక, పగవారు సైతం అక్కడ కత్తి దూయకుండా ఉప్పు, ధాన్యం, మేకలు మార్చుకుని తిరిగి వెళ్లేవారు.

వాడిన వస్తువుల బేరం తెలుగువారికి మరింత దగ్గరిది. కేకలు వేసి ధర పెంచుతూ అమ్మే పద్ధతిని అరబ్బులు హరాజ్ అంటారు. మన హర్రాజు ఆ మాటే, పాట పెట్టే దల్లాలే మన దళారి. రియాద్‌లోని పాతసామాన్ల బజారు హరాజ్ ఇబ్న్ ఖాసిం పేరు అక్కడ పనిచేసే తెలుగువారికి కొత్తది కాదు. అబహాలోని మంగళవారపు సంతలో తేనె, అల్లిన బుట్టలు, సువాసన ఆకులతో పాటు పాత బాకులు, వెండి నగలు, దల్లా అనే కొక్కెర ముక్కు కాఫీ కూజాలు కనిపిస్తాయి. ఇత్తడి దల్లాను ఎంచేవారు పైమెరుగును కాదు, మూత ఎత్తి లోపలి కళాయి మిగిలిందా లేదా అన్నది చూడాలి. ఎన్ని ఇళ్ల మజ్లిస్‌లలో, అంటే అతిథుల గదులలో, అది తిరిగిందో ఆ కళాయి అరుగుదలే చెబుతుంది. కొత్త కూజాలో లేని అందం ఇదే.

రిజాల్ అల్మా వాసులు తమ పాత వస్తువులను బజారుకు పంపక, 1980లలో అల్వాన్ అనే పాత కోటను బాగుచేసుకుని మ్యూజియంగా మార్చి, ఇళ్లలోని ఆయుధాలు, పాత్రలు, వ్రాతప్రతులు తెచ్చి అందులో ఉంచారు. స్త్రీలు తమ వెండి నగలిచ్చారు.

ఈ సీమ ఇళ్ల గోడలపై స్త్రీలు రంగులతో వేసే అల్-ఖత్ అల్-అసీరీ చిత్రకళ 2017లో యునెస్కో జాబితాకెక్కింది. ఫాతిమా అబూ గహాస్ ఇందులో ప్రసిద్ధురాలు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ రిజాల్ అల్మాను ఉత్తమ పర్యాటక గ్రామాలలో చేర్చింది.

పాత దల్లా కొనదలచిన పాఠకులు అబహా సంతకే వెళ్లాలి. అల్వాన్‌లో పేర్చినవి అమ్మకానికి కావు.