పేట కబుర్లు – 17: అమ్మ సంచి



టీవీలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, మా అమ్మ అటక మీంచి సంచి దించుతుంది. ఎరువుల బస్తా ఉతికి కుట్టిన సంచి. అందులో బట్టలుండవు, బియ్యముండదు. రేషన్ కార్డు, ఆధార్లు, ఇళ్ళ స్థలం పట్టా, బ్యాంకు పుస్తకం, నా కుల ధ్రువీకరణ పత్రం, టెన్త్ మార్కుల లిస్టు, నాన్న చనిపోయినప్పటి సర్టిఫికెట్. ఒక్కోటీ ఒక్కో చీరల కవరులో చుట్టి, పైన రబ్బరు బ్యాండు.

ప్రభుత్వం పంచే కరపత్రంలో టార్చిలైటు, మంచినీళ్ళు, మందులు, నిలవుండే తిండి అని రాసుంటుంది. కాగితాల మాటా ఉంటుంది. అమ్మకి మాత్రం ముందు కాగితాలే. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. "ఇల్లు పడిపోతుంటే కాగితాలెందుకమ్మా" అనేవాణ్ణి. "గాలి ఒక్క రాత్రే కొడద్దిరా అబ్బాయ్. ఆఫీసు చుట్టూ ఏడాది తిరగాలి" అనేది.

మా గుండుగొలను తెలియని వాళ్ళకి రెండు మాటలు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో, భీమడోలు మండలం. ఊరి పేరులోనే కొలను ఉంది. దక్షిణంగా దిగితే కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా ఉండే పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులోనే పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. మధ్యలో చేపల చెరువుల గట్లు, డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. చాలాచోట్ల మళ్ళీ లేచాయి. నీళ్ళు గబగబా వస్తాయి, పోవడానికి మాత్రం రోజులు పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు కెమెరాలన్నీ సింగ్‌నగర్‌లో ఉన్నాయి. అక్కడ నీళ్ళు తగ్గుతున్నాయని చెప్పే రోజుల్లోనే ఇక్కడ కొల్లేరు లంకల్లో పెరిగాయి.

ఇంత పల్లంలో కూడా ఊరు కాస్త మెరక చూసుకునే కట్టుకుంది. పేటకి మిగిలింది మురుగు కాలవ పక్క. మీ ఊళ్ళో కూడా ఒకసారి వాన పడ్డాక నడిచి చూడండి, నీళ్ళు ఎటు పోయి ఆగుతున్నాయో.

మా తాత డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత గాలివాన కబురంటే అందరికీ భయం. కబురు రాగానే తాతని పిలిచేవాళ్ళు. ఊరంతా తిరిగి, అందరూ కుప్పల మీద బరకాలు కప్పుకునేదాకా చెప్పి, చివరికి పేటకొచ్చేసరికి చీకటి పడేది. తన కప్పుకి తాళ్ళు కట్టుకునే టైము ఆయనకి ఎప్పుడూ దొరకలేదు. నాయనమ్మే నిచ్చెనెక్కి కట్టేది. ఇప్పుడు ఫోన్లకి మెసేజులొస్తున్నాయి. అమ్మకి చదవడం రాదు. పక్కింటి పిల్ల చదివి చెప్పాలి.

అప్పుడు తాటాకు, ఇప్పుడు సిమెంటు రేకులు. రేకు మీద ఇసుక బస్తాలు పెడతాం. గాలి మరీ ఎక్కువైతే చర్చికి వెళ్తాం, పేటలో గట్టి స్లాబు ఉన్నది దానికే. పునరావాస కేంద్రం ఊరివైపు బడిలో పెడతారు. అక్కడికి పోయి వరండాలో చివర కూర్చోవడం మా నాయనమ్మకి ఇష్టముండేది కాదు, మాకూ లేదు. కానీ ఓ ఏడాది బియ్యం, పప్పు పంచేటప్పుడు తెలిసింది, కేంద్రంలో పేరు రాయించుకున్న వాళ్ళకే ఇస్తారట. చర్చిలో రాత్రంతా తడిసిన మేము లెక్కలో లేము.

ఇక అసలు సంగతి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానకి మా వీధిలో పిన్ని ఇల్లు పడిపోయింది. మట్టి గోడలు, పైన రేకులు. రాసుకోవడానికి వచ్చినాయన గుడిసె అని రాసుకుపోయాడు. 2022–26కి కేంద్రం పెట్టిన లెక్కల్లో పూర్తిగా పడిపోయిన ఇంటికి, అది పచ్చి ఇల్లైనా సరే, మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు. గుడిసెకి 8,000. మరి గుడిసె అంటే ఏంటి? పచ్చి ఇంటికన్నా తక్కువది, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలు లాంటి వాటితో కట్టింది, అధికారులు గుడిసెగా గుర్తించేది అని ఉంది. ఆ చివరి ముక్క చూడండి. గోడలు కూలి బురదైపోయాక, అది నిన్నటిదాకా ఇల్లేనని పిన్ని ఎలా చూపించాలి? ఒక్క ఫోటో లేదు. పెళ్ళి ఫోటోలో వెనకాల తలుపు ఉందని తీసుకెళ్తే నవ్వారంట.

అదే వానకి అన్నయ్య కౌలు చేను రెండెకరాలు పనల మీద ఉంది. నాలుగు రోజులకి వెన్నులకి మొలకలొచ్చాయి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డుంటే నష్టపరిహారం కౌలు రైతుకి వస్తుంది. ఆ కార్డుకి భూమి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే రేపు భూమి మాదంటామని ఆయన భయం. కార్డు పదకొండు నెలలకేనని, భూమి మీద హక్కు రాదని చెప్పినా వినలేదు. సర్కారు డబ్బు ఆయన ఖాతాలో పడింది. మక్తా బస్తాలు మాత్రం అన్నయ్య బయట కొని కొలిచాడు.

పిల్లలకి ఒక సంగతి చెప్పాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో సెక్షన్ 61 చదవండి. పరిహారంలో, సహాయంలో కులం, మతం, స్త్రీ పురుష భేదం చూపకూడదని రాసుంది. అంతకు ముందటేడు డిసెంబరు 26న సునామీ వచ్చాక నాగపట్నం వైపు దళితుల్ని సహాయ శిబిరాల్లోకి రానివ్వని కథలు దేశమంతా విన్నది. సెక్షన్ బాగానే ఉంది. కానీ మా పిన్ని విషయంలో కులం పేరు ఎవరూ ఎత్తలేదు. గుడిసె అన్నారు. అన్నయ్యని కార్డు లేదన్నారు. మమ్మల్ని కేంద్రంలో పేరు లేదన్నారు. సెక్షన్ 61 కింద ఏమని రాసి ఫిర్యాదు పెట్టమంటారు?

అందుకే ఈ ఎండాకాలం మా కుర్రాళ్ళం ఫోన్లు పట్టుకుని పేటలో ఇల్లిల్లూ తిరిగాం. నిలబడి ఉన్న ఇంటికి నాలుగు వైపులా ఫోటో, గోడ దేంతో కట్టారో కనపడేలా, ఇంటి మనిషి చేతిలో ఆ రోజు పేపరు. మేకల్నీ గేదెల్నీ కూడా తీశాం. ఓ ముసలామె జుట్టు దువ్వుకొచ్చేదాకా ఆగమంది, ఆగాం. చర్చిలో పడుకునే వాళ్ళ పేర్లు రాయడానికి ఒక పుస్తకం పెట్టాం, మర్నాడే సచివాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. మీ పేటల్లో చేస్తానంటే రండి, ఎలా చేశామో చూపిస్తాం. అక్టోబరు లోపల అయిపోవాలి.

మొన్న అమ్మ సంచి సర్దుతుంటే కొత్త కవరొకటి కనపడింది. కౌలు కార్డు దరఖాస్తు. అన్నయ్య వేలిముద్ర ఉంది, ఆసామి సంతకం దగ్గర ఖాళీ.

"ఇదెందుకమ్మా, చెల్లదుగా" అన్నాను.

"చెల్లకపోతే మానె. అడిగామని ఉండాలిగా" అని రబ్బరు బ్యాండు వేసింది.