ఓరుగల్లు కుర్రాడు – ఋషికొండ కెరటం

వరంగల్ కుర్రకారుకి సముద్రం మొట్టమొదట ఎక్కడ పరిచయమవుతుందో చెప్పమంటారా? థియేటర్లో! 1978లో "మరో చరిత్ర" వచ్చి, విశాఖ తీరం వెంట కమల్ హాసన్, సరిత కనిపించినప్పటి నుంచి మన వాళ్లకి అల అంటే తెర మీద నుంచి దూకి ఒళ్లో పడేదే. ఆ తర్వాత ఇంగ్లీషు సినిమాలొచ్చాయి. 1985లో జేమ్స్ బాండ్ "ఎ వ్యూ టు ఎ కిల్" మొదట్లోనే మంచు బండి విరిగిపోతే, దాని ముక్కనొకదాన్ని కాళ్ల కింద పెట్టుకుని కొండ మీద నుంచి సర్రున జారి పారిపోతాడు. 1991లో "పాయింట్ బ్రేక్"లో పాట్రిక్ స్వేజీ, కియాను రీవ్స్ ఇద్దరూ అలల మీద నిలబడి తిరిగారు. చూసి వచ్చిన ప్రతివాడికీ ఒకటే దురద. "మనం చెయ్యలేమా గురూ?"

చెయ్యొచ్చు. కాని ఒక్క మాట. బాండ్ పాత్రలో ఉన్నది రోజర్ మూర్. మంచు మీద జారింది మాత్రం టామ్ సిమ్స్ అనే అమెరికన్ ఛాంపియన్. డూప్ అన్నమాట! మనకి డూప్ దొరకడు. మన కాళ్లే, మన ఊపిరే.

సరే, ఊళ్లోనే ఏదైనా వీలవుతుందా అంటే... భద్రకాళి చెరువుంది, వడ్డేపల్లి చెరువుంది. కొంచెం దూరం వెళ్తే కాకతీయుల కాలం నాటి పాకాల, లక్నవరం, రామప్ప చెరువులున్నాయి. సాయంత్రం పూట పాకాల కట్ట మీద నిలబడితే అవతలి గట్టు చూపుకి ఆనదు. అయినా అల లేదు! ఎందుకని? అల పుట్టడానికి గాలి ఒక్కటే చాలదండీ. ఆ గాలి ఆగకుండా వందల కిలోమీటర్లు నీటి మీద తోసుకుంటూ పోవాలి. చెరువు మీద గాలి పని మొదలుపెట్టేలోపే గట్టు వచ్చేస్తుంది. విశాఖలో మన కాళ్ల దగ్గర విరిగే కెరటాల్లో కొన్ని ఎక్కడో దక్షిణాన, హిందూ మహాసముద్రం అడుగు కొసన తుఫాను గాలులకి పుట్టి, రోజుల తరబడి ప్రయాణం చేసి వస్తాయి. తమాషా ఏమిటంటే, ఆ అలలు ఎంతెత్తున లేస్తాయో ముందుగా లెక్కగట్టి దేశమంతటికీ చెప్పే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉన్నది సముద్రం లేని హైదరాబాద్‌లో. రేపు ఋషికొండలో అల ఎంతో, ఇవాళ హన్మకొండలో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు.

కనుక రైలెక్కాల్సిందే. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. రాత్రి వరంగల్లో ఎక్కితే ఖమ్మం, బెజవాడ, రాజమండ్రి దాటి తెల్లవారేసరికి విశాఖ. 500 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఒక్క నిద్ర. అక్కడి నుంచి భీమిలి రోడ్డు పట్టుకుంటే ఋషికొండ. ఎడమన కొండ, కుడిన సముద్రం, మధ్యన తారు రోడ్డు. సినిమా వాళ్లు ఈ రోడ్డుని ఎందుకు వదలరో చూస్తేనే తెలుస్తుంది. ఈ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. బోర్డు మీద నిలబడ్డం నేర్పేవాళ్లూ ఇక్కడ ఉన్నారు.

ఈ విద్య మనకి కొత్తగా అనిపిస్తుంది గాని, తీరం వాళ్లకి అంత కొత్తేం కాదు. ఉత్తరాంధ్ర మత్స్యకారుల తెప్పని చూడండి. తేలిక కర్రతో చెక్కిన నాలుగైదు దుంగల్ని తాళ్లతో బిగించి కడతారు. అందులోకి నీళ్లు వచ్చినా పర్వాలేదు, సందుల్లోంచి వచ్చిన దారినే పోతాయి. అందుకే మునగదు. ఒడ్డుకి రాగానే తాళ్లు విప్పి దుంగల్ని ఎండబెడతారు. తెప్ప మీద మోకాళ్లేసుకుని తెడ్డు వేస్తూ, విరిగే అలని ఎదురెక్కి లోపలికి పోవడం, తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి వచ్చే కెరటం ఊపు పట్టుకుని ఇసక మీదికి జారడం... ఇది సర్ఫింగ్ కాక మరేమిటి! పొట్టకూటి కోసం చేశారు కనుక ఆటని పేరు రాలేదు, అంతే. ఇప్పుడు తెప్పలు తగ్గిపోయి ఫైబర్ బోట్లు వచ్చాయి. మద్రాసు దగ్గర కోవళం ఊళ్లో మటుకు మత్స్యకారుల పిల్లలే సర్ఫింగ్ నేర్చి జాతీయ పోటీల దాకా వెళ్లారు. అల ఎక్కడ విరుగుతుందో వాళ్లకి పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు మరి.

ఆటగా ప్రపంచానికి చూపించిన వాడు హవాయి దీవుల డ్యూక్ కహనమోకు. 1912, 1920 ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకాలు కొట్టి, తర్వాత హాలీవుడ్‌లో చిన్న చిన్న వేషాలు కూడా వేశాడు. ఆయన బోర్డుల్లో ఒకటి 16 అడుగుల పొడవు, 50 కిలోల పైన బరువు! ఇప్పటి ఫోమ్ బోర్డుని చంకన పెట్టుకుని నడిచిపోవచ్చు. ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మాత్రం టోక్యో క్రీడలతో, 2021లోగాని చేరలేదు.

ఇక బోర్డు సంగతి. ఇక్కడే మన వాళ్లు పప్పులో కాలేస్తారు. సినిమాలో హీరో చేతిలో ఆరడుగుల సన్నటి, మొనదేలిన బోర్డు చూసి అదే కావాలంటారు. అది ఆరితేరిన వాడి బోర్డు. అలని కోసుకుంటూ గిర్రున తిరగడానికి పనికొస్తుంది, కొత్తవాడిని మాత్రం నిలబడనివ్వదు. మీకు కావలసింది ఎనిమిది అడుగులకి తగ్గని, వెడల్పాటి, మందపాటి, పైన మెత్తటి ఫోమ్ ఉన్న బోర్డు. చూడ్డానికి పరుపులా ఉంటుంది. ఉండనివ్వండి. పడ్డప్పుడు తల పగలదు. బోర్డు ఎంత తేలుస్తుందనేది లీటర్లలో చెబుతారు. కొత్తవాళ్లకి ఒంటి బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లయినా ఉండాలి, ఎక్కువుంటే ఇంకా హాయి. కాలి మడమకి కట్టుకునే తాడు గట్టిదా, పాతబడిందా అని లాగి చూడండి. బోర్డు చేజారితే మీ ప్రాణానికి, పక్కవాడి పళ్లకి కూడా అదే అడ్డు. ఏ కాలు ముందు పెట్టాలో తెలియకపోతే, స్నేహితుణ్ని చెప్పకుండా వెనక నుంచి తొయ్యమనండి. తూలినప్పుడు ముందు పడే కాలే బోర్డు మీద కూడా ముందు.

ఒంటికి కావలసిన సాధన మాత్రం వరంగల్లోనే చేసుకోవచ్చు. గంటసేపు నీళ్లలో ఉంటే అల మీద నిలబడేది లెక్కపెడితే కొద్ది నిమిషాలే. మిగతాదంతా బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తొయ్యడం, అల కోసం కాచుకోవడం. కనుక కావలసింది కండలు తిరిగిన ఛాతీ కాదు, అలిసిపోని భుజాలు, వీపు. తాలింఖానాల్లో మన పెద్దలు తీసిన దండీలు, బస్కీలు ఉన్నాయే, అవి దీనికోసమే పుట్టాయా అనిపిస్తుంది. బోర్లా ఉన్నవాడు అరచేతులు ఛాతీ పక్కన ఆనించి, ఒక్క ఊపున రెండు పాదాలూ కింద పెట్టి లేవాలి. సూర్య నమస్కారాల్లో భుజంగాసనం నుంచి లేచే పద్ధతికి ఇది తమ్ముడు. తెల్లారి పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగండి. ఇంట్లో చాప పరిచి రోజుకి ముప్ఫైసార్లు పడుకుని లేవండి. నవ్వేవాళ్లు నవ్వుతారు.

ఈత దగ్గర మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను. మన పక్క పిల్లలు నడుముకి బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాళ్లు. గడ్డ మీద నుంచి దుంకుడంటే భయం లేదు. ఆ ధైర్యమే విశాఖలో ప్రమాదం. బావిలో నీళ్లు కదలవు, పది బారలు వేస్తే గోడ చేతికి తగులుతుంది. సముద్రానికి గోడ లేదు. సెలవులకి బ్యాచీలుగా వెళ్లి నీళ్లలో దిగి తిరిగి రాని కుర్రాళ్ల వార్తలు పేపర్లో ఏటా చదువుతూనే ఉన్నాం. "సముద్రంల దిగకు బిడ్డా" అని ఇంట్లో అమ్మ ఊరికే అనదు.

వాళ్లని తీసుకుపోయేది పెద్ద అల కాదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా. అది ఒకచోట సన్నటి పాయగా చేరి జోరుగా వెనక్కి పోతుంది. ఆ పాయ ఉన్నచోట అలలు సరిగా విరగవు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో మాత్రం ముదురు రంగు నీళ్లు, ప్రశాంతంగా! ఈత రాని వాడు, వచ్చిన వాడు కూడా "ఇక్కడ బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతాడు. అందులో చిక్కితే ఒడ్డు కేసి ఈదకూడదు. ఎంత మొనగాడైనా ఓడిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదాలి. పాయ వెడల్పు ఎంతో ఉండదు, దాటగానే అలలే ఒడ్డుకి తోస్తాయి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తాలి. బోర్డు ఉంటే దాన్ని వదలకూడదు. వింతేమిటంటే, నేర్చినవాళ్లు ఇదే పాయని లిఫ్టులా వాడుకుని సునాయాసంగా లోపలికి వెళతారు.

మంచు సంగతి కూడా రెండు మాటలు. 1965లో అమెరికాలో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ల కోసం రెండు స్కీలని పక్కపక్కన బిగించి ఇచ్చిన ఆటబొమ్మ నుంచి పెరిగిందే ఇప్పటి స్నోబోర్డు. 1998లో నగానో ఒలింపిక్స్‌కి ఎక్కింది. మన దేశంలో గుల్మార్గ్, ఔలీ వెళ్లాలి. బోర్డు నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య రావాలి, కొత్తవాళ్లకి కొంచెం వంగే రకం మేలు. డబ్బు చాలకపోతే బోర్డు అద్దెకి తీసుకోండి గాని, బూట్లు మాత్రం కాలికి సరిపోయినవే పట్టుబట్టండి. మంచు చూడని ఊరివాళ్లకి ఇదంతా ఎందుకంటారా? 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ మొదట రాయి ఎక్కడం నేర్చింది భువనగిరి గుట్ట మీద. హైదరాబాద్ వెళ్లే ప్రతిసారీ మనం రైలు కిటికీలోంచి చూసే గుట్టే! ఆమె మీద రాహుల్ బోస్ 2017లో సినిమా కూడా తీశాడు.

ఋషికొండకి మొదటిసారి వెళ్లేవాళ్లు జనవరి, ఫిబ్రవరి నెలలు చూసుకోండి. నైరుతి ఋతుపవనాల రోజుల్లో అల బలుస్తుంది, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల గొడవ. పొద్దున్నే, గాలి లేవకముందే దిగండి. నేర్పేవాడు లేకుండా మాత్రం దిగకండి. మొదటి రోజు నడుం లోతు నీళ్లలో, విరిగిపోయిన అల తెల్ల నురగ మీదే సాధన. ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల బనీను వేసుకోండి, లేకపోతే బోర్డు మీద రాసుకుని పొట్ట మండిపోతుంది. బోర్డు మీద కాలు జారకుండా మైనం రుద్దుతారు. ఆ మైనం ఉండ మిగిలితే జేబులో పెట్టుకుని రైలెక్కకండి, వరంగల్ వచ్చేసరికి ప్యాంటు పనికిరాదు.